చాన్‌యువాన్ ఒప్పందం: డబ్బు కట్టిన సాంగ్ ఓడినట్టా?

చైనాలోని సాంగ్ రాజ్యం ల్యావ్ రాజ్యంతో చేసుకున్న చాన్‌యువాన్ ఒప్పందంలో ఎవరు ఓడినట్టు అన్న మీ సందేహం అర్థమైంది. ఒక పుస్తకంలో సాంగ్ కప్పం కట్టిందని, ఇంకొకదాంట్లో ల్యావ్ సైన్యమే వెనక్కి వెళ్లిందని ఉంది. సాంగ్ డబ్బు కట్టిందీ నిజమే, ల్యావ్ వెనక్కి వెళ్లిందీ నిజమే, టెన్షన్ పడకండి.

1004లో ఉత్తరాన ఖితాన్ అనే జాతివాళ్ల ల్యావ్ రాజ్యం సాంగ్ మీద దండెత్తింది. రాజధానిని దక్షిణానికి మార్చేద్దామని కొందరు మంత్రులు అంటే, మంత్రి ఖౌ జున్ మాత్రం సాంగ్ చక్రవర్తి జెన్‌జోంగ్‌ను పట్టుబట్టి యుద్ధం జరుగుతున్న చాన్‌జౌ (చాన్‌యువాన్) దాకా తీసుకెళ్లాడు. కోట మీద చక్రవర్తి గొడుగు కనబడగానే సాంగ్ సైనికులు ఉత్సాహంతో కేకలు పెట్టారు. అంతకుముందే ల్యావ్ సేనాని షియావ్ తాలిన్ బాణం దెబ్బకు చనిపోయాడు. అంటే ఇద్దరికీ రాజీ అవసరమే.

1005 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఏటా లక్ష ల్యాంగ్‌ల (ల్యాంగ్ అంటే చైనా తూకం) వెండి, 2 లక్షల తానుల పట్టు సాంగ్ ఇవ్వాలి. సాంగ్ రాయబారి త్సావ్ లీయోంగ్ తిరిగొచ్చి 3 లక్షలని మూడు వేళ్లు చూపిస్తే, 30 లక్షలేమో అని జెన్‌జోంగ్ కంగారుపడ్డాడట! నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది.

మీరు పొరబడింది 'కప్పం' అన్న మాట దగ్గర. ఇద్దరు చక్రవర్తులూ అన్నదమ్ముల వరస కలుపుకున్నారు, జెన్‌జోంగ్ అన్న. సామంతుడికి ఆ హోదా ఉండదు. యుద్ధ ఖర్చుతో పోలిస్తే ఆ సొమ్ము చాలా తక్కువ. పైగా సరిహద్దు సంతల్లో ల్యావ్ వాళ్లు సాంగ్ సరుకులు కొనడంతో ఆ వెండిలో చాలావరకు సాంగ్‌కే తిరిగొచ్చేది.

1042లో ఏటా ఇచ్చే వెండి, పట్టు కలిపి మొత్తం 5 లక్షలకు పెరిగినా శాంతి శతాబ్దానికి పైగా నిలిచింది. దాన్ని తెంచింది సాంగే. ఉత్తరాన కొత్తగా లేచిన జిన్ రాజ్యంతో చేయి కలిపి ల్యావ్‌పై పడింది, 1127లో ఆ జిన్ చేతిలోనే తన రాజధాని కైఫెంగ్‌ను పోగొట్టుకుంది.