ప్రాజెక్టు టాపిక్ ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ?

ప్రశ్న: నమస్తే మాస్టారూ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. బడి పిల్లల సొంత ఐడియాలు అడిగే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కి మా బడి నుంచి ఐదు ఐడియాలు పంపాలి. సొంతంగా ఆలోచించుకుని రండి అని తొమ్మిదో తరగతి వాళ్లకు చెప్తే, పదకొండు మంది ట్యాంకు నిండగానే మోగే అలారం తెచ్చారు, మిగతావాళ్లలో సగం మంది మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్ట. అన్నీ యూట్యూబ్‌వే. "నీకు దేని మీద ఆసక్తి?" అని ఒక్కొక్కర్నీ అడిగాను, తల దించుకుని నిలబడ్డారు. డైరీ రాయిస్తే టాపిక్ అదే బయటికొస్తుందని ఎవరో చెబితే వారం రాయించాను. "ఉదయం లేచాను, పళ్లు తోముకున్నాను, బడికి వచ్చాను." అందరిదీ ఇదే. ఏం చెయ్యమంటారు?
– ఒక సైన్స్ టీచర్, పల్నాడు జిల్లా

జవాబు: ముందు ఆ "ఆసక్తి" అన్న మాట పక్కన పెట్టండమ్మా. పద్నాలుగేళ్ల పిల్లకి అది పరీక్షలో ప్రశ్నలాగే వినిపిస్తుంది, మీకు నచ్చే జవాబు ఏదా అని వెతుక్కుంటుంది, దొరక్కపోతే తల దించుకుంటుంది. ఇక డైరీ సంగతి. దాన్ని మీరు ఎర్ర పెన్నుతో దిద్దారా లేదా? దిద్దే ఉంటారు. నేనూ ఇరవై ఏళ్లు ఆ పెన్నుతో తిరిగినవాణ్ణే. ఒత్తులు దిద్దిన మర్నాటి నుంచి పిల్లలు ఒత్తులు తప్పుపోని వాక్యాలే రాస్తారు, పళ్లు తోముకున్నాను లాంటివి.

ఇంటికిచ్చి రాయించొద్దు, క్లాసులోనే పది నిమిషాలు చాలు. నోటు పుస్తకంలో ఎడమ పేజీలో రాయాలి, కుడి పేజీ ఖాళీగా ఉంచాలి, ఎందుకో తర్వాత చెప్తాను. అడిగేది చిన్నదై ఉండాలి. నిన్న మీ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తూ విసుక్కున్నారు, అప్పుడు ఏమన్నారు, వాళ్లన్న మాటలే రాయండి. నిన్న దేనికోసం ఎక్కువసేపు ఎదురుచూశారు? మీ ఇంట్లో తాడు కట్టో గుడ్డ చుట్టో నడిపిస్తున్న వస్తువు ఏది? ఈ చివరిది నాకు భలే ఇష్టం, ఎందుకంటే తాడు కట్టారంటే అక్కడ ఎవరో అప్పటికే సగం ప్రాజెక్టు చేసేశారన్నమాట. ఇంకో మాట, ఇలా రాయిస్తే నాన్న తాగొచ్చిన గొడవలు కూడా పేజీ మీదికొస్తాయి. మడిచిన పేజీ నేను చదవను అని మొదటి రోజే చెప్పండి, చెప్పాక నిజంగానే చదవొద్దు.

మా బడిలో ఒక అమ్మాయి రాసింది: "అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయిన రోజు నాకు జడ వెయ్యదు." అంతే. నేనూ పట్టించుకోలేదు. రెండు వారాల తర్వాత మళ్లీ, "ఈరోజు కూడా జడ నేనే వేసుకున్నా." మూడోసారి వచ్చినప్పుడు పిలిచి, ఎందుకమ్మా వెయ్యదు అంటే, "చేతులు మంటలు సార్, నా తల కూడా మండుద్ది" అంది. ఆ పిల్లని ఆసక్తి ఏమిటని అడిగి ఉంటే "సైన్స్ సార్" అని ఊరుకునేది.

అందుకే మూడు వారాలయ్యాక పుస్తకం మీరు కాదు, వాళ్లనే మొదటి నుంచి చదువుకోమనండి. రెండుసార్లకు మించి వచ్చినదాని కింద గీత గీయమనండి. ఇప్పుడు పనికొస్తుంది ఆ కుడి పేజీ. ఇది ఎవరికి, ఎప్పుడు, ఎంత? "ఎందుకు" అని మాత్రం అప్పుడే అడగొద్దు, అడిగితే పాఠంలో వాక్యం రాసేస్తారు. ఆ మిరపకాయల అమ్మాయి వాళ్లమ్మతో పాటు ఓ ఆదివారం పనికి వెళ్లి, రోజుకు ఎన్ని కిలోలు తీస్తారు, మంట ఏ వేళ్లకు ముందు మొదలవుతుంది, గ్లవుజులు ఎందుకు వేసుకోరు, అన్నీ రాసుకొచ్చింది. గ్లవుజు వేసుకుంటే తొడిమ చేతికి చిక్కదట. సైకిల్ ట్యూబు ముక్కలు వేళ్లకు తొడిగి చూసింది, మందం ఎక్కువై జారిపోయింది. బెలూన్ ముక్కలు మధ్యాహ్నానికే చిరిగాయి. మండల సైన్స్ ఫెయిర్‌లో ప్రైజు రాలేదు. కానీ ఎవరు ఏం అడిగినా నా వైపు చూడకుండా చెప్పింది. అలారం తెచ్చిన పిల్లలు మాత్రం "మా సార్ చెప్తారండి" అన్నారు.

ఆసు యంత్రం కనిపెట్టిన నేత కుటుంబం మనిషి చింతకింది మల్లేశం గారి సంగతి పిల్లలకు చెప్పండి. పోచంపల్లి చీరకు ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, ఒక్కో చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ లక్ష్మి గారు భుజం నొప్పితో పడే బాధ చూస్తూ పెరిగిన మనిషి, బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ గురించి కాస్త తక్కువ చెప్పి, భుజం నొప్పి గురించి ఎక్కువ చెప్పండి.

ఇన్‌స్పైర్ మానక్‌లో ఐడియా సెలెక్టయితే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి కాబట్టి, ఆ డబ్బుతో ఏం కొంటావో కూడా కుడి పేజీలోనే రాయించండి. సొంత టాపిక్ అయితే లెక్క టకటకా రాస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూల్లో పదో తరగతి. అక్కడ పిల్లలు సొంతంగా టాపిక్ ఎంచుకుని చెయ్యాల్సిన పర్సనల్ ప్రాజెక్ట్‌కి టాపిక్ దొరక్క ఒకటే టెన్షన్. నేనే ఒకటి చెప్పేస్తే పోలేదా?
– ఒక తండ్రి

జవాబు: చెప్పొద్దండీ. అందులో 24 మార్కులుంటే ప్లానింగ్‌కి 8, నైపుణ్యాలకు 8, వెనక్కి తిరిగి చూసుకుని రాసుకున్నదానికి 8. వస్తువు ఎంత బాగా చేశాడన్నది ఒక్కటే చూడరు. నేను ఏం నేర్చుకోవాలనుకున్నాను, దానికోసం ఏం తయారు చేశాను అని రిపోర్టులో వాడే చెప్పుకోవాలి, మీరిచ్చిన టాపిక్ మీద మొదటి సగం వాడికెలా తెలుస్తుంది? పైన టీచరమ్మకు చెప్పిందే మీ వాడికీ. కాకపోతే అపార్ట్‌మెంట్‌లో మిరపకాయలు ఉండవు. వాచ్‌మన్ గదికో, తాతయ్య మందుల డబ్బా దగ్గరికో పంపండి, నాలుగు రోజులు కూర్చుని చూసింది చూసినట్టు రాయమనండి. ఆ పుస్తకం మీరు అడిగి తీసుకోవద్దు.