కొండ నీడలో మౌనం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ధ్యాన శిబిరాల గురించి ఈ నెల ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. వారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయస్సు 54. పర్లాకిమిడిలో ఉపాధ్యాయురాలిని. షుగరుకు మాత్రలు వేసుకుంటున్నాను. ఏడాదిగా నిద్ర సరిగా లేదు, మనస్సు ఒకచోట నిలవడం లేదు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి, అడవి మధ్యనున్న ఒక రిసార్టులో నాలుగు రోజుల మైండ్‌ఫుల్‌నెస్ శిబిరానికి డబ్బు కడతానంటున్నాడు. నా తోటి ఉపాధ్యాయురాలు మాత్రం, రూపాయి తీసుకోని పది రోజుల విపశ్యన శిబిరానికే వెళ్ళమంటున్నారు. మహేంద్రగిరి ఇంత దగ్గరలో ఉండగా అంత దూరం పోవడం అవసరమా? పచ్చని చోట ధ్యానం త్వరగా కుదురుతుందన్న మాట నిజమేనా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో విశ్రాంతి కావాలన్న కోరికా, సాధన నేర్చుకోవాలన్న కోరికా కలిసిపోయి ఉన్నాయి. రెండూ మంచివే, కానీ రెండూ ఒకే చోట దొరుకుతాయనుకుని బయలుదేరిన వారే ఎక్కువగా నిరాశతో తిరిగి వస్తారు.

ముందు విపశ్యన సంగతి చెబుతాను. బుద్ధుడు నేర్పినదిగా చెప్పే ఈ ధ్యాన పద్ధతిని బర్మాలో ఆచార్యులు సయాజీ ఉ బా ఖిన్ వద్ద నేర్చుకున్న సత్యనారాయణ గోయెంకా గారు 1969లో దానిని తిరిగి భారతదేశానికి తెచ్చారు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా ఇగత్‌పురి వద్ద సహ్యాద్రి కొండల మధ్య ఉన్న ధమ్మగిరి దీనికి ప్రధాన కేంద్రం. మన తెలుగువారికి హైదరాబాదు శివారులోనూ ఒక కేంద్రం ఉంది. ఈ కేంద్రాలు చాలావరకు చెట్ల మధ్యనే ఉంటాయి, అయితే ఆ చెట్లను చూస్తూ కూర్చునే తీరిక మాత్రం మీకు దొరకదు. ఉదయం 4 గంటలకు గంట మోగినప్పటి నుంచి రాత్రి 9.30కి దీపాలు ఆర్పేవరకు, దాదాపు 10 గంటలు హాలులోనో గదిలోనో కళ్ళు మూసుకుని కూర్చోవాలి. మొదటి మూడు రోజులు ఆనాపానం, అంటే ముక్కు దగ్గర సహజంగా వచ్చిపోయే శ్వాసను గమనించడం. నాలుగో రోజు నుంచి ఒంటిమీద కలిగే స్పర్శలను గమనించే విపశ్యన. ఫోను, పుస్తకం, కలం, తోటివారితో మాట, చివరకు సైగ కూడా ఉండవు. నిత్యపూజ, జపం చేసే అలవాటు మీకుంటే ఆ పది రోజులూ వాటినీ పక్కన పెట్టాలని నియమం. ఇది ఇష్టం లేనివారు వెళ్ళి అక్కడ రహస్యంగా మాల తిప్పడం కంటే వెళ్ళకపోవడమే నయం. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రెండో రోజంతా శ్వాసను వదిలేసి, మా ఇంటి వంటగదికి ఏ రంగు వేయించాలన్న ఆలోచనలోనే గడిపాను. మీకూ అటువంటిదే ఏదో ఎదురవుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

డబ్బు విషయంలో మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. భోజనానికీ వసతికీ రుసుము లేదు, ఒక్క పది రోజుల శిబిరమైనా పూర్తిచేయని వారి నుంచి విరాళం కూడా తీసుకోరు. కాని పేరుకే అది పది రోజులు. ముందు రోజు సాయంత్రానికి చేరి, పదకొండో రోజు ఉదయం బయలుదేరాలి కనుక, ప్రయాణం కూడా కలుపుకుంటే రెండు వారాల సెలవు పెట్టుకోవాలి.

ఇక రిసార్టు సంగతి. అమెరికాలో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ 1979లో ప్రారంభించిన కార్యక్రమం పుణ్యమా అని మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట ఆసుపత్రుల వరకూ చేరింది. పాళీ భాషలోని 'సతి'కి అది అనువాదం. మన మాటల్లో 'ఎరుక' అంటే సరిపోతుంది. ఆయన కార్యక్రమం ఎనిమిది వారాలది: వారానికొక తరగతి, ప్రతిరోజూ ఇంటి వద్ద అభ్యాసం, మధ్యలో ఒక్క రోజు పూర్తి మౌనం. అంటే అందులో అధిక భాగం మామూలు ఇంట్లో, కుక్కరు కూతల మధ్యనే జరుగుతుంది. ధ్యాన కార్యక్రమాలపై జరిగిన 47 పరీక్షలను కలిపి చూసి 2014లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన సమీక్ష కూడా, ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంత తగ్గుతాయనే చెప్పింది. వ్యాయామం, మందులు వంటి ఇతర చికిత్సల కంటే ధ్యానం మెరుగైనదనడానికి ఆధారం మాత్రం కనబడలేదని అందులోనే ఉంది. వారాల తరబడి చేసిన అభ్యాసానికి వచ్చిన ఫలితాన్ని నాలుగు రోజుల అడవి బసకు అంటగట్టి ఎవరైనా ప్రకటన ఇస్తే నమ్మకండి. అడవి వల్ల మేలు లేదని నా ఉద్దేశం కాదు. జపాను అటవీ శాఖ 1982లో 'షిన్‌రిన్ యోకు' అని పేరు పెట్టి ప్రచారం చేసిన అడవి స్నానం ఇటువంటిదే. తొందర లేకుండా చెట్ల మధ్య నడవడం, వినడం, వాసన చూడడం తప్ప అందులో మరేమీ లేదు. అలసిన మనిషికి అది ఎంతో హాయి. దానికి మాత్రం మీ అబ్బాయి అంత డబ్బు కట్టనక్కరలేదు.

మహేంద్రగిరి గురించి మీరు అడిగింది నాకు నచ్చింది. 1501 మీటర్ల ఆ కొండపై, పాండవుల పేర్లతో పిలిచే రాతి గుడుల దగ్గర, శివరాత్రి జనం లేని రోజున గాలిచప్పుడు వింటూ ఒక పూట కూర్చుంటే మనస్సు దానంతటదే నెమ్మదిస్తుంది. కాని అక్కడ నేర్పేవారుండరు, మనస్సు మొండికేసినప్పుడు అడగడానికి ఆచార్యులుండరు. మీ గజపతి జిల్లాలోనే చంద్రగిరి దగ్గర జిరంగలో టిబెటన్ల పద్మసంభవ మహావిహారం ఉంది. దానినీ చూసి రండి, కాని చూసి రావడాన్ని శిబిరమని అనుకోవద్దు. ఎరుకకు మూలమైన బుద్ధుని ఉపదేశం సతిపట్ఠాన సుత్తంలో సాధకుడు ఎక్కడ కూర్చోవాలో చెబుతూ అరణ్యాన్నీ చెట్టు మొదలునూ పేర్కొన్నాక, మూడోదిగా శూన్యాగారాన్ని, అంటే ఖాళీ ఇంటిని కూడా చెప్పారు. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక మీ బడిలోని తరగతి గది శూన్యాగారం కాక మరేమిటి?

కాబట్టి నా సలహా ఇది. ముందు ఆ గదిలోనే రెండు నెలలు రోజూ అరగంట కూర్చోండి. అప్పటికీ పది రోజుల శిబిరంపై కోరిక నిలిచి ఉంటే వేసవి సెలవుల్లో వెళ్ళండి. అక్కడ మధ్యాహ్న భోజనం 11 గంటలకే. కొత్తవారికి సాయంత్రం 5 గంటలకు పండ్లు, టీ వంటివి తప్ప రాత్రి భోజనం ఉండదు. షుగరు మాత్రలు వేసుకునే వారికి ఇది చిన్న విషయం కాదు, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మాత్రల మోతాదు, వేళలు ఎలా మార్చుకోవాలో మీ డాక్టరు గారినే అడగండి, దరఖాస్తులో జబ్బు సంగతి దాచకుండా రాయండి. మోకాళ్ళు సహకరించకపోతే కుర్చీ అడగడానికి మొహమాటపడకండి. నిద్ర పట్టకపోవడానికి కారణం వేరే ఉందేమో కూడా ఆ డాక్టరు గారి దగ్గరే తేల్చుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్ళు. మూడేళ్ళుగా మానసిక వ్యాధికి మందులు వాడుతున్నాడు. పది రోజులు మౌనంగా ఉండి వస్తే మందులు మానేయవచ్చని మా బావగారు అంటున్నారు. పంపించమంటారా? (రాయగడ)

సమాధానం: పంపించవద్దు. మీ బావగారికి మీ తమ్ముడిపై ప్రేమ ఉంది గాని ఈ మాట ప్రమాదకరం. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ఇంత గాఢమైన సాధన తగదని విపశ్యన కేంద్రాలే చెబుతాయి. రోజుల తరబడి మాట లేకుండా తన ఆలోచనలతోనే ఉండవలసి రావడం కొందరిలో అణగి ఉన్న వ్యాధిని పైకి తెస్తుంది. మందు తగ్గించడం, మానడం అన్నవి చికిత్స చేస్తున్న మానసిక వైద్యులు మాత్రమే నిర్ణయించాలి. రాత్రివేళ ఏదైనా ఆందోళన కలిగితే కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉదయం ఎండ ముదరకముందు మీరిద్దరూ కలిసి ఒక గంట నడవండి. దానికి ఏ శిబిరమూ అక్కరలేదు.

ప్రశ్న: గుణుపురంలో మేము ఎనిమిది మందిమి ఆదివారాలు వంశధార ఒడ్డున మౌనంగా గడపాలనుకుంటున్నాము. ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: ఇదే వంశధార కిందికి పారి సముద్రంలో కలిసే ముందు, శ్రీకాకుళం జిల్లాలో సాలిహుండం కొండ పక్కగా వెళుతుంది. అక్కడ బౌద్ధ స్తూపాల, చైత్యాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. వానాకాలం మూడు నెలలూ తిరగకుండా ఒకేచోట ఉండి సాధన చేసే వర్షావాసం బౌద్ధ భిక్షువుల ఆచారం. అందుచేత నదీతీరపు మౌనం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

మొదటి నెల రెండు గంటలు మించవద్దు: ఇరవై నిమిషాలు కూర్చోవడం, ఇరవై నిమిషాలు మెల్లగా నడవడం, మళ్ళీ కూర్చోవడం. ఫోనులన్నీ ఒక సంచిలో వేసి ఒకరికి అప్పగించండి. చివర్లో టీ తాగేటప్పుడు అనుభవాలు చెప్పుకోవడం మొదలైతే ఎవరి ధ్యానం గొప్పదన్న పోటీ వస్తుంది, కాబట్టి కొన్నాళ్ళు దానిని మానుకోండి. సాయంత్రం కంటే ఉదయమే మేలు. మీ వైపు మలేరియా ఉన్నదే కనుక చీకటి పడ్డాక ఒడ్డున ఉండకండి, ఎవరికైనా చలిజ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఇక వానలు మొదలయ్యాక, మీ దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన వాన పడి నది పొంగవచ్చు గనుక, జూలై నుంచి అక్టోబరు వరకు ఇసుక మీద కాకుండా ఊళ్ళోనే ఏ గుడి మండపంలోనో కూర్చోండి.