ఒక్క ప్రశ్నకు నీళ్లు నమిలితే కోర్సు మార్చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పెట్టిన మాక్ ఇంటర్వ్యూలో కాన్స్ట్‌కూ స్టాటిక్ రీడ్‌ఓన్లీకీ తేడా అడిగితే నీళ్లు నమిలాడట. కోడింగ్ వాడికి అబ్బదేమో. ఇది మాన్పించి ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్పించమంటారా?
ఒక తండ్రి

జవాబు: ముందు మీరు టెన్షన్ తగ్గించుకోండి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు కూడా ఈ ప్రశ్నకు తడబడటం నేను చూశాను. రెండూ కోడ్‌లో మారకూడని విలువను పెట్టుకునే పద్ధతులే. "ఒకటి కంపైల్ టైమ్ (కంపైలర్ కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు), ఇంకోటి రన్ టైమ్ (అది నడిచేటప్పుడు)" అని బట్టీ పట్టి కొందరు గట్టెక్కుతారు. "అయితే ఏంటట?" అని అడిగితే మాత్రం దొరికిపోతారు.

మీ వాణ్ణి ఈ పని చేసి చూడమనండి. ఒక లైబ్రరీలో (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్‌లో) పబ్లిక్, అంటే బయటికీ కనిపించే, కాన్స్ట్‌గా 5 పెట్టి, వేరే ప్రోగ్రామ్ నుంచి దాన్ని ప్రింట్ చేయాలి. తర్వాత 5ను 7 చేసి, లైబ్రరీని మాత్రమే మళ్లీ బిల్డ్ చేసి, పాత డీఎల్ఎల్ (బిల్డ్ చేస్తే వచ్చే లైబ్రరీ ఫైలు) స్థానంలో కొత్తది పెట్టాలి. ప్రోగ్రామ్‌ను ముట్టుకోకూడదు. అది ఇంకా 5 అనే అంటుంది! కంపైలర్ ఆ అంకెను వాడినచోటే దింపేసింది మరి, నడిచేటప్పుడు లైబ్రరీని అడిగేదే లేదు. అదే స్టాటిక్ రీడ్‌ఓన్లీ అయితే 7 వచ్చేది. ఆ మొండి 5ను కళ్లారా చూసినవాడు జన్మలో మర్చిపోడు. వారానికి 7 రోజుల్లా ఎన్నటికీ మారనిదైతే కాన్స్ట్ పెట్టొచ్చు. రేపు మారే అవకాశమున్న పరిమితిని పబ్లిక్‌గా ఇవ్వాలంటే రీడ్‌ఓన్లీ మేలు. అన్నట్టు, రీడ్‌ఓన్లీ లిస్టులోకి కొత్త ఐటమ్ చేర్చొచ్చు, మారనిది రిఫరెన్స్, అంటే అది ఏ లిస్టో చూపే గుర్తు, ఒక్కటే. ఇక్కడ సీనియర్లూ బోల్తా పడతారు.

ఇక ఏఐ కోర్సు. ఈ ఆరు నెలల కోర్సుల మీద నాకు గురి లేదు. ఏఐ టూల్‌ను అడిగితే కాన్స్ట్ అనో రీడ్‌ఓన్లీ అనో టకటకా రాసిచ్చేస్తుంది. ఇక్కడ ఏది పెడితే రేపు కొంప మునుగుతుందో చదివి పట్టుకోవాల్సింది మనిషే. ఆ చదవడం రాకుండా చేరితే చేతికొచ్చేది సర్టిఫికెట్టే. స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా మీద ఇష్టంతో వాడే అడిగితే తప్పకుండా చేర్పించండి. మీ ఉత్తరంలో వాడు అడిగిన ఊసే లేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. "అబ్బదేమో" అన్న ముక్క వాడి ముందు కూడా అన్నారా? తప్పు చేశారు. చెప్పలేకపోయిన ప్రశ్నను ఇంటికొచ్చి మీకు చెప్పుకున్నాడంటే, అది వాణ్ణి తొలిచేస్తోందన్నమాట. అలాంటి పిల్లాడికి కోడింగ్ ఎందుకు రాదు? ఈ ఆదివారం పక్కన కూర్చుని, ఆ 5 ఎందుకు మారలేదో మీకు చెప్పమనండి. మధ్యలో మాట్లాడకండి.