సణుగుడుకి చిరునామా ఉండదు

కవిటి మండలం,
శ్రీకాకుళం జిల్లా.

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగిన మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "నోరు తెరిస్తే ఫిర్యాదే వస్తోంది అత్తా, ఆయన ఇంటికి రావడానికే జంకుతున్నారు, ఎలా మానాలి?" అన్నావు. ఫోన్‌లో చెబితే మళ్లీ పక్క మాటల్లో పడిపోతామని ఉత్తరం రాస్తున్నాను. ఈ జబ్బు నాకూ ఉండేది. నీకంటే బాగా ముదిరింది.

తిత్లీ తుపాను గుర్తుంది కదా. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున మన పలాస దగ్గరే తీరం దాటింది. గాలి తగ్గాక తలుపు తీస్తే తోట ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తర్వాత నష్టం లెక్క రాసుకునేవాళ్లు వచ్చి, ఒక్కో మొదలు దగ్గర ఆగి చూసి, 28 అని కాగితం మీద వేశారు. మీ మావయ్య సంతకం పెట్టారు.

ఆ తర్వాత రెండేళ్లు ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి పాలు పోసే అబ్బాయికి కూడా, ఆ చెట్ల సంగతే ఏకరువు పెట్టేదాన్ని. ఒకరోజు సోంపేట నుంచి చుట్టాలొచ్చారు. కాఫీ గ్లాసులు చేతికిస్తూనే "నలభై చెట్లు పోయాయి వదినా" అని మొదలుపెట్టాను. మీ మావయ్య అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. తల ఎత్తకుండానే "ఇరవై ఎనిమిది" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు.

నేను కావాలని అబద్ధం చెప్పలేదమ్మా. చెప్పగా చెప్పగా, నాకు తెలియకుండానే ఆ లెక్క పెరిగిపోయింది. నలభై పోయినంత బాధా పడ్డాను. లేని పన్నెండు చెట్ల కోసం కూడా ఏడుస్తున్నానని ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి చాలాసేపు మెలకువగానే ఉన్నాను.

అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ రెండేళ్లలో నేను చెప్పినవాటిలో పనికొచ్చింది ఒక్కటే. లెక్క రాసేవాళ్లకి చెప్పింది. ఎన్ని చెట్లు, ఏ సర్వే నంబరు, ఏ ఖాతా, అన్నీ చెప్పాం, వాళ్లు రాసుకున్నారు, కొన్నాళ్లకి డబ్బు పడింది. అది ఫిర్యాదు. దానికి చిరునామా ఉంది. మిగతాదంతా సణుగుడు. చెట్లని లేపలేని వాళ్లందరికీ చెప్పుకున్నాను.

అలాగని నోరు మూసుకుని పడి ఉండమని చెప్పడం లేదు. అది ఇంకా పెద్ద తప్పు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతే చూడు. మీ చిన్నమావయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్, నాలుగేసి గంటలు. ఇలాంటి ఇళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. జనం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు, పేపర్లవాళ్లకి చెప్పారు, కనిపించిన నాయకుడినల్లా అడిగారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ల పైపులు వచ్చాయి. అందరూ అరుగుల మీద కూర్చుని "మన ఖర్మ" అనుకుని ఉంటే ఎవరికి వినపడేది?

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు కదా. అర్జీ రాసేటప్పుడు ఎవరికి, ఏమిటి, ఎప్పటినుంచి, ఏం చేయమంటున్నాం అని రాయాలి. నీ నోటి దాకా వచ్చిన మాటని అలా ఓసారి అర్జీగా రాసి చూడు. కింది వాటా వాళ్లు మోటారు ఆపేస్తున్నారని నాకు నాలుగు నెలలుగా చెబుతున్నావు. నేనిక్కడ కవిటిలో కూర్చుని విజయనగరంలో మోటారు వేయగలనా తల్లీ? ఓనరుగారికి ఒక్కసారైనా చెప్పావా? "పొద్దున ఆరు నుంచి ఏడు దాకా మాకు నీళ్లు కావాలి" అని అడిగితే ఆ మాటకి ఓ తల, ఓ తోక ఉంటాయి. "ఈ ఇల్లే ఇంత" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? అర్జీగా రాయడానికి రానిది, అంటే ఎండ, బస్సు ఆలస్యం, మీ అత్తగారి గొంతు, ఇలాంటివైతే అక్కడే వదిలెయ్యి.

ఇంకో సంగతి ఉంది, దీన్ని మన ఇళ్లలో ఎవరూ పైకి చెప్పరు. మనకి బాగున్నామని చెప్పడం భయం. దిష్టి తగులుతుందని. చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది, ఎవరైనా అడిగితే "ఏదో ఇలా ఉన్నాం" అను, ఎక్కువ చెప్పకు అని. ఆవిడ ప్రేమతోనే చెప్పింది. కానీ అలా అనీ అనీ, నిజంగా బాగున్న రోజు కూడా ఓ కష్టం వెతికి చెప్పడం అలవాటైపోయింది. పిల్లాడికి ఫస్టు మార్కు వస్తే "వచ్చింది గానీ, కళ్లజోడు పడింది" అనేదాన్ని. ఆ "గానీ" దగ్గర ఆగడం నేర్చుకో. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

నీ సణుగుడు ఎప్పుడు మొదలవుతుందో గమనించు. నా లెక్క ప్రకారం నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ అనే మొదటి మాటతోనే. ఆ పది నిమిషాలు జాగ్రత్తపడితే చాలు. కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, అప్పుడు మాట్లాడు. మొదటి మాట ప్రశ్నైతే ఇంకా మంచిది. "మధ్యాహ్నం కూర సరిపోయిందా?" అని అడుగు.

గోడ మీది కేలండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో గీతలు పెట్టేదాన్ని, సణిగినప్పుడల్లా ఒకటి. మొదటి రోజు మధ్యాహ్నానికే పదకొండు గీతలు. సిగ్గేసి పెన్సిల్ దాచేశాను. రెండు రోజులాగి మళ్లీ తీశాను. నీకూ అలాగే అవుతుంది, కంగారుపడకు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు మారుతుందని ఎవరో చెబితే నమ్మకు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాలు గమనించిన సంగతి మీ బావ చదివి చెప్పాడు. కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందట. త్వరగా కుదిరినవాళ్లకి 18, బాగా ఆలస్యమయ్యేవాళ్లకి 254 దాకా పట్టొచ్చని అంచనా వేశారు. అది తిండి, వ్యాయామం లాంటి అలవాట్ల గురించి. మన నోటికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

గుండెలో నిజంగా బరువుంటే మాత్రం దాచుకోకు గుంటా. దాన్ని సణుగుడు అనరు. నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే. "అత్తా, ఊరికే విను" అని ముందే చెప్పు, వింటాను.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు ఓనరుగారు ఏమన్నారో చెప్పు. మన పెరట్లో పనస ముగ్గుతోంది, తొనలు వలిచి ఎవరైనా అటు వస్తే పంపిస్తాను.

నీ అత్త