నాన్నగారి జీపు కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది తెనాలి. వయసు 46. చేతికొచ్చే జీతం 82,000. ఇంటి అప్పు వాయిదా 24,000, ఇంటి ఖర్చు 35,000, ఎస్‌ఐపీ 8,000 పోతాయి. నాన్నగారి 1974 నాటి మహీంద్రా సీజే-3బీ పెట్రోలు జీపు, ఆయన పోయాక పన్నెండేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఆదివారాలు నేనే కూర్చుని బాగుచేసుకోవాలని ఆశ. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ మొత్తం పనికి 4.2 లక్షలు అడిగాడు. నేనే చేసుకుంటే పనిముట్లకే లక్ష అవుతుందంటున్నారు. వచ్చే ఏడాది అమ్మాయి బీటెక్ ఫీజుకని దాచిన 4 లక్షల ఎఫ్‌డీ తీయనా, 3 లక్షలు పర్సనల్ లోను తీసుకోనా? డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తే మంచిదా? ముందుముందు దీని విలువ పెరుగుతుందా?

సమాధానం: ఎఫ్‌డీ ముట్టుకోకండి, లోనూ వద్దు. జీపు మాత్రం తప్పకుండా బాగుచేసుకోండి. మీ జీతంలోంచే ఆ పని అవుతుంది, కాకపోతే రెండేళ్లు దాటి పడుతుంది.

3 లక్షల లోను 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 10,250 కట్టాలి. వడ్డీయే 69,000 దాటుతుంది. ఆ డబ్బుతో ఇంజిన్ పని చాలావరకు అయిపోతుంది. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీ తగ్గిస్తారు, సాధారణంగా జరిమానా కూడా పడుతుంది. పైగా అది అమ్మాయి డబ్బు. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు 15,000 మిగులుతోంది. అందులో 3,000 ఇంటి అవసరాలకు వదిలి, 12,000 జీపు కోసం వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. 27 నెలల్లో 3,24,000 జమవుతుంది. ఎస్‌ఐపీ ఆపాల్సిన పని లేదు.

ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి. ఏ భాగానికి డబ్బు పూర్తిగా చేతిలో ఉందో ఆ భాగమే విప్పండి. అది బిగించి అయ్యాకే ఇంకోటి. పాత బండ్ల మీద డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఉత్సాహంలో నెల రోజుల్లో బండి మొత్తం విప్పేస్తారు. అప్పుడే డబ్బు ఆగిపోతుంది. ఆర్నెల్లకు ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు, ఉన్న సామానే మళ్లీ కొంటారు. ముక్కలుగా పడున్న జీపును తూకానికి తప్ప ఎవరూ అడగరు.

మొదటి రూపాయి కాగితాలకు పెట్టండి. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకార పత్రాలు పట్టుకుని ముందు అక్కడికే వెళ్లండి. పాత పుస్తకం ఆర్‌సీ అయితే ఆ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో అడగండి. ఎక్కకపోతే ముందు ఆ పని జరగాలి. 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాల ఆర్‌సీ రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో 10,000 చేశారు. అపరాధ రుసుము, పన్ను బాకీ ఉంటే అవి వేరు. ఆర్‌సీ మీ పేరు మీదికి వస్తుందని తేలేదాకా స్పానరు పట్టకండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ముద్ర తీసి దాచుకోండి. రంగు గీకేటప్పుడు గ్రైండర్ ఆ అంకెల మీదికి పోతే బండి మీదేనని రుజువు చేసుకోవడం కష్టం.

ఇక పనిముట్లు. లక్ష అక్కర్లేదు, 32,000కు మించనివ్వకండి. కొట్లో మెరిసే పెద్ద సెట్లు మిల్లీమీటర్లవి. మీ జీపు అమెరికన్ విల్లీస్ డిజైను, బోల్టులన్నీ అంగుళాల కొలతలవి. 9/16 బోల్టుకు 14 మిల్లీమీటర్ల స్పానరు ఎక్కదు, 15 వదులై మూలలు అరిగిపోతాయి. 3/4కు 19 సరిపోతుంది కానీ అన్నిటికీ అలా కుదరదు. 7/16 నుంచి 7/8 దాకా అంగుళాల రింగు స్పానర్లు, బాక్సు స్పానర్లు మంచి కంపెనీవి తీసుకోండి: 9,000. ట్రాలీ జాకీ, రెండు జతల 3 టన్నుల స్టాండ్లు: 9,000. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు, ఈ ఖర్చులో మాత్రం బేరం పనికిరాదు. బోల్టును కొలిచినంత బలంతోనే బిగించే టార్క్ రెంచికి 4,000. సిలిండర్లో ఒత్తిడి చూసే కంప్రెషన్ గేజి, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి, కరెంటు చూసే మల్టీమీటరుకు 3,500. పౌడర్ అగ్నిమాపకానికి 2,000. వెల్డింగ్ సెట్టు, కంప్రెసర్, ఇంజిన్ ఎత్తే చైన్ బ్లాక్ కొనకండి. వాటితో మీకు పడే పని నాలుగైదు రోజులే, అద్దెకు తెచ్చుకోండి.

మిగిలిన 4,500 షెడ్డు సర్దడానికి. నా లెక్కలో ఇది ఖర్చు కాదు, కాపలా. గోడకు 8×4 ప్లైవుడ్ షీటు కొట్టి, మేకుల మీద పనిముట్లు తగిలించి, ప్రతిదాని చుట్టూ రంగుతో గీత గీయండి. సాయంత్రం ఖాళీ గీత కనబడితే స్పానరు ఇంజిన్ మీదో చాసిస్ మీదో ఉండిపోయిందని అప్పుడే తెలుస్తుంది. మూతలున్న చిన్న డబ్బాలు 40 తెచ్చి, ఒక్కోదాని మీద భాగం, వైపు, విప్పిన తేదీ రాయండి. ‘ముందు ఎడమ బ్రేకు’ అన్నట్టు. వీలైన బోల్టులను విప్పిన రంధ్రంలోనే నాలుగు మరలు తిప్పి వదిలేయండి. విప్పకముందు ఫోటో, విప్పాక ఫోటో. మీవైపు గాలిలో తేమ ఎక్కువ, పనిముట్లు గచ్చు మీద పెట్టకండి. పని అయ్యాక ఇంజిన్ ఆయిల్ గుడ్డతో తుడిచి తగిలించండి.

పనిలో మొదటిది బ్రేకులు, స్టీరింగ్, టైర్లు: 70,000. ఈ జీపుకు బ్రేకు మాస్టర్ సిలిండర్ ఒక్కటే, లైనూ ఒక్కటే. ఎక్కడ గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. పన్నెండేళ్లు నిలబడ్డాక లోపలి రబ్బరు గట్టిపడి ఉంటుంది. మాస్టర్, నాలుగు వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఉక్కు పైపులు అన్నీ ఒకేసారి మార్చండి. ముందు, వెనుక సిలిండర్ల సైజు ఒకటి కాదు, పాతవి చేతిలో పట్టుకుని కొనండి. ఎడమ చక్రాలను పట్టి ఉంచే స్టడ్ల (మర బోల్టుల) మీద ‘ఎల్’ గుర్తు ఉంటే వాటివి ఎడమ మర నట్లు, ఎదురు దిక్కున తిప్పితేనే ఊడతాయి. అందరిలా తిప్పితే స్టడ్డు తెగుతుంది.

తర్వాత పెట్రోలు ట్యాంకు, రేడియేటర్, వైరింగ్: 36,000. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. ఇథనాల్ తట్టుకునే గొట్టమే వేయించండి.

ఇంజిన్‌కు 84,000 పక్కన పెట్టండి, కానీ అంతా ఖర్చు కావాలనేం లేదు. ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. బలవంతంగా స్టార్టర్ కొట్టొద్దు, పట్టేసిన రింగులు విరుగుతాయి. తిరిగితే ఆయిల్ మార్చి, కంప్రెషన్ చూడండి. నాలుగు సిలిండర్ల ఒత్తిడి మధ్య తేడా చదరపు అంగుళానికి 10 పౌండ్ల లోపుంటే ఇంజిన్ విప్పక్కర్లేదు. తేడా ఎక్కువుంటే వెంటనే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగిందనుకోకండి. ఇది ఎఫ్-హెడ్ ఇంజిన్, ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. చాలాసార్లు పట్టేసేది బ్లాకులోని వాల్వులే. బోరు నిజంగా అరిగితే లేత్ షాపులో కొలిపించి, ఎంత ఓవర్‌సైజో వాళ్లు చెప్పాకే పిస్టన్లు కొనండి. ముందే కొన్న పిస్టన్ సెట్టు సరిపోక మూలన పడటం చాలా చోట్ల జరిగేదే. హెడ్ బోల్టులు టార్క్ రెంచితో 60–70 అడుగు-పౌండ్లకు, మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి.

టింకరింగ్, రంగు చివర: 60,000. ముందే రంగు వేయిస్తే బ్రేకు ఆయిల్ చుక్క పడ్డచోటల్లా లేచిపోతుంది. ఫ్లోరు తుప్పుపడితే లప్పంతో కప్పనివ్వకండి, 18 గేజి రేకు కోసి వేయించండి.

ఇవన్నీ, కాగితాలు–బీమాకు 18,000తో కలిపి 3 లక్షలు. మిగతా 24,000 బీమా మీద పన్ను, ఆర్టీవో అపరాధ రుసుము, ఇంకా అనుకోని వాటికి.

డీజిల్ ఇంజిన్ వద్దు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండినే వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. రుసుము 20,000, చెల్లుబాటు పదేళ్లు, నంబర్లో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ఆ బండి ప్రదర్శనలకు, ర్యాలీలకే. పొలానికీ ఊళ్లకూ తిప్పాలంటే మామూలు ఆర్‌సీయే మీకు సరైనది. ఇంజిన్ అసలుదే ఉంచితే రేపు ఎటు వెళ్లాలన్నా దారి ఉంటుంది. 1500 సీసీ దాటిన కారుకు 2022 జూన్ రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ బీమా ప్రీమియం పన్ను కాక ఏడాదికి 7,897. వింటేజ్‌కు అందులో సగం.

విలువ పెరుగుతుందా అంటే, లాభం లెక్కలో దీన్ని రాయకండి. సొంత వాడకం బండి కాబట్టి అమ్మితే మూలధన లాభం పన్ను ఉండదు, నిజమే. కానీ పెట్టినదంతా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాన్నగారి బండి నడపడానికి నెలకు 12,000 ఖర్చు పెడుతున్నానని రాసుకోండి.

అమ్మాయి ఫీజు ఎఫ్‌డీ కన్నా ఎక్కువైతే రెండు మూడు నెలలు ఈ 12,000 అటు మళ్లించండి. ఒకసారికి ఒక భాగమే విప్పి బిగిస్తూ వచ్చారు కాబట్టి ఆ నెలల్లో జీపు తన చక్రాల మీద తాను నిలబడే ఉంటుంది.