బీచ్‌లో పిల్లాడితో ఏం ఆడాలంటే... కండక్టర్ ఉద్యోగం వాడికే ఇచ్చేయండి

నాలుగేళ్ళ బాబుని సాయంత్రాలు విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే పావుగంటకే "ఫోన్ ఇయ్యి" అని పేచీ పెడుతున్నాడనీ, వాడితో ఏదో ఒకటి ఊహించుకుని ఆడటం మీకు చేతకావట్లేదనీ రాశారు. ఆ రెండోది చదివి నవ్వొచ్చిందండీ. రెండేళ్ళ కిందట అచ్చం నేనన్న మాటే.

మా పాపకి అప్పుడు నాలుగు. ఇసుక బొమ్మల సెట్టు ఒకటి కొన్నాను, బకెట్టు, పార, కోట అచ్చులు అన్నీ ఉన్నది. దానికి తోడు సముద్రపు దొంగలు, నిధి అంటూ ఒక కథ కూడా వండుకుని లాసన్స్ బే బీచ్‌కి వెళ్ళాం. నేను కూర్చుని కథ చెబుతూనే ఉన్నా, మా గుంట (మా వైపు ఆడపిల్లని ముద్దుగా అలాగే అంటాం) నా చెప్పు ఒకటి లాక్కుని ఇసుకలో తోసుకుంటూ వెళ్ళిపోయింది. "సింహాచలం, సింహాచలం" అని అరుపులు. చెప్పు 28వ నంబరు బస్సట. వాళ్ళ అమ్మమ్మతో గుడికి ఆ బస్సులోనే వెళ్తుంటుంది.

ఆరోజు నేను చేసిన తెలివైన పని ఒక్కటే. నిధిని గాలికొదిలేసి, చెయ్యెత్తి బస్సు ఆపా. టికెట్టంది. గవ్వ ఇచ్చా. "చిల్లర లేదు, దిగు" అంది! ఇంకాస్త చిన్న గవ్వ వెతికి తెచ్చాక ఎక్కనిచ్చింది. ఇసుక గుట్ట దాకా వచ్చి, అదే కొండ కాబోలని పైకి ఎక్కబోతే మళ్ళీ దింపేసింది. నిజమే కదా, 28 కొండ కిందే ఆగిపోతుంది, పైకి వేరే బస్సు మారాలి. నా రెండో చెప్పు కూడా లాక్కుని ఆ బస్సూ తనే నడిపింది. ఉత్త కాళ్ళతో 40 నిమిషాలు ప్రయాణికుణ్ణి నేను.

అప్పట్నించీ ఆటలో పెత్తనం దానిది, నాది చిన్న ఉద్యోగం. మనం పాడుచేసేది ఎక్కడంటే, మధ్యలో మాస్టారు అయిపోతాం. "ఇవి ఎన్ని గవ్వలు? ఈ బస్సు ఏ రంగు?" అని అడిగామా, బస్సు మాయమై మళ్ళీ చెప్పు మిగులుతుంది. అడగాలంటే "ఇంకా ఎంతసేపండీ కండక్టర్ గారూ, పూజకి టైమైపోతోంది" అనాలి. సిగ్గంటారా, మొదటి రెండు రోజులే. పక్కన మురీ మిక్చర్ తినేవాళ్ళు చూస్తారు, చూడనివ్వండి.

ఒకే ఆట పది రోజులు ఆడతారు. మనకి విసుగే, అయినా మార్చకండి. మీ ఓపిక అయిపోతే కూర్చునే వేషం అడగండి. పేషెంటు, నిద్రపోతున్న రాక్షసుడు... ఈ రెండూ నాకు చాలా ఇష్టం.

ఆటకి కొత్త సరుకు కావాలంటే బీచ్ రోడ్డులోనే కురుసుర అనే జలాంతర్గామి ఉంది. 2001లో నేవీ దాన్ని సేవ నుంచి తప్పిస్తే, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది, పొడవు 91 మీటర్లు. సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. లోపల ఇరుకు దారి, గోడలనిండా పైపులు, మీటర్లు, టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు. నేను మహా ఉత్సాహంగా వివరిస్తుంటే మా పాప అడిగింది ఒకటే ప్రశ్న, "వీళ్ళకి బాత్రూమ్ ఎక్కడ?" మర్నాడు ఇసుకలో గొయ్యి తవ్వి జలాంతర్గామి కట్టింది. అందులో ఇంజను లేదు, టార్పెడో లేదు. మూడు బాత్రూములు మాత్రం ఉన్నాయి.

ఫోన్ విషయం. వాడి ఫోన్ సంగతి తర్వాత, ముందు మీది దాచండి. నేను వీడియో తీద్దామని ఫోన్ ఎత్తగానే మా కండక్టర్ టికెట్లు మానేసి ఫోజులు మొదలెట్టింది. ఆ రోజుకి బస్సు డిపోకి వెళ్ళిపోయినట్టే. ఇప్పుడు ఫోన్ బండి డిక్కీలో పడేసి వెళ్తాను.

సముద్రం దగ్గర మాత్రం ఆట లేదు. ఆర్కే బీచ్‌లో కెరటం చిన్నదిగానే కనిపిస్తుంది, వెనక్కి లాగే ఊపు పెద్దవాళ్ళ కాళ్ళ కింద ఇసుకనే తోడేస్తుంది. ఒకసారి మా బస్సుల్లో ఒకటి అలాగే పోయింది, నేను ఒంటి చెప్పుతో ఇంటికొచ్చా. అందుకే తడి ఇసుక మొదలయ్యే గీతే మా రోడ్డు చివర. దాటితే ఎవరైనా సరే బస్సు దిగాల్సిందే. జాలరిపేట వైపు పడవల దగ్గర తెగిన వల ముక్కలు, గాలాలు, గాజు పెంకులు ఉంటాయి, అక్కడ ఉత్త కాళ్ళతో వదలొద్దు. వేసవిలో ఏడున్నర లోపు పొద్దున్నైనా, అయిదు దాటాక సాయంత్రమైనా వెళ్ళండి. మధ్యలో ఆ ఇసుక కాలుతుంది.

ఇంటికి బయల్దేరేటప్పుడు ఏడుపుంటుంది. "ఇంక చాలు, పద" అంటే మా ఇంట్లో అస్సలు పనిచెయ్యదు. "ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అని అడుగుతాను. "ఇప్పుడే" అని తనే అరుస్తుంది, చెప్పులు దులిపి నాకిచ్చేస్తుంది. వారంలో మూడు రోజులు పనిచేస్తుంది. మిగతా రోజులు ఎత్తుకుని రావడమే.