లైసెన్సు లేకుండా చేసిన పనికి బాకీ వసూలవుతుందా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. గత సెప్టెంబరులో తెలిసిన తెలుగువాళ్ళ ఇంట్లో 5,800 డాలర్లకు వాటర్ సాఫ్ట్‌నర్, ఆర్వో బిగించాను. 2,000 అడ్వాన్సు, పని అయ్యాక మరో 2,000 ఇచ్చారు. మిగతా 1,800 కోసం ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాను. ‘అన్నా’ అని పిలిచినవాడే ఇప్పుడు ఫోను ఎత్తట్లేదు. నాకు లైసెన్సు లేదని ఆయనకు ముందే తెలుసు. స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల తగాదాలు చూసే కోర్టులో) దావా వేయనా? లైసెన్సున్న మిత్రుడొకరు పది శాతం ఇస్తే తన నంబరు వాడుకోమంటున్నాడు.

జవాబు: ఆయన ఎలాంటివాడన్నది పక్కన పెట్టండి. పని చేసిన రోజుల్లో మీకు సీ-55, అంటే వాటర్ కండిషనింగ్ కాంట్రాక్టర్ లైసెన్సు ఉందా? లేదు. కేసు అక్కడే తేలిపోయింది.

బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 7031 ప్రకారం లైసెన్సు లేని కాంట్రాక్టరు బాకీ కోసం కోర్టుకెక్కలేడు. ఆయనకు ముందే తెలుసన్న మాట మీకు పనికిరాదు. 1991లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హైడ్రోటెక్ కేసులో, డబ్బిస్తానని యజమాని మోసం చేశాడన్నా సరే, లైసెన్సు లేని కంపెనీకి బాకీ ఇప్పించలేదు. లైసెన్సు ఉందని రుజువు చేసే భారం కూడా మీదే.

అసలు ప్రమాదం మరోటి ఉంది. అదే సెక్షన్ కింద ఆయన మీకిచ్చిన 4,000 మొత్తం వెనక్కి అడగొచ్చు. సామాను ఖర్చు కూడా మినహాయించరు. దానికి గడువు పని పూర్తయిన నాటి నుంచి ఏడాది అని 2020లో అప్పీలు కోర్టు చెప్పింది. ఇంకా నాలుగు నెలలుంది. ఇప్పుడు మీరు దావా వేస్తే ఆ సెక్షన్ సంగతి ఆయనకు మీరే చెప్పినట్టవుతుంది. ఆ 1,800 వదిలేయండి.

పైగా 2,000 అడ్వాన్సేమిటండీ? ఇంటి పనులకు అడ్వాన్సు పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే. మీ కాంట్రాక్టుకు 580 దాటకూడదు. పని మొదలుపెట్టే ముందు, కాంట్రాక్టర్లకు లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు వెబ్‌సైటు ఒక్కసారైనా చూడరా?

మిత్రుడి నంబరు జోలికి వెళ్ళకండి. మీ పని ఆయన నంబరు మీద నడిపితే మీమీద క్రిమినల్ కేసు, ఆయన లైసెన్సుకు ఎసరు. పాత కాంట్రాక్టు మీద వెనకటి తేదీతో ఆ నంబరు రాయించారో, సివిల్ తగాదా కాస్తా ఫోర్జరీ అవుతుంది. రేపు మీరు లైసెన్సు తెచ్చుకున్నా సెప్టెంబరు పనికి అది వర్తించదు. పని నాటికి లైసెన్సు లేకపోయినా బాకీ అడగనిచ్చే సడలింపు గతంలో లైసెన్సు ఉండి లాప్స్ అయినవాళ్ళకే.

లైసెన్సు కావాలంటే ఆ మిత్రుడి దగ్గరే జీతానికి చేరండి, డబ్ల్యూ-2 (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం) మీద. గత పదేళ్ళలో నాలుగేళ్ళ జర్నీమన్ స్థాయి, అంటే ఎవరూ పక్కనుండి చూడకుండా సొంతంగా పని చేయగల స్థాయి అనుభవం చూపాలి. హెల్పర్‌గా చేసిన కాలం లెక్కలోకి రాదు. పనికి సంబంధించిన చదువుంటే కొంత మినహాయింపు దొరుకుతుంది. అనుభవాన్ని ధ్రువీకరించేవారు మీ పని కళ్ళారా చూసినవారై ఉండాలి. పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు ఇప్పటినుంచే దాచండి. బోర్డు అడిగిన రోజున వెతుక్కుంటే దొరకవు. తర్వాత దరఖాస్తు, వేలిముద్రలు, లా పరీక్ష, ట్రేడ్ పరీక్ష, 25,000 డాలర్ల పూచీకత్తు బాండు. బాండుకు కట్టేది ప్రీమియమే, మొత్తం కాదు.

ఈలోగా సొంతంగా సర్వీసు చేయాలంటే, 2025 జనవరి నుంచి సామాను, కూలీ కలిపి 1,000 డాలర్లలోపు పనికి లైసెన్సు అక్కర్లేదు. పర్మిట్ అవసరమయ్యే పనైనా, మీ కింద ఒక్క మనిషిని పెట్టుకున్నా ఈ వెసులుబాటు పోతుంది. పెద్ద పనిని 900, 900 బిల్లులుగా విడగొట్టడం కూడా చెల్లదు. ప్రకటన ఇచ్చుకుంటే అందులో మీకు లైసెన్సు లేదని రాసి తీరాలి.